అతిథి వెళ్లిపోయాక మొదలయ్యే ఆట

మొన్న పొద్దున హైదరాబాద్ డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. "మీ జిల్లాలో దివ్యాంగ క్రీడాకారులు ఎవరన్నా ఉన్నారా అన్నా? మనవాళ్లకు విదేశాల్లో పతకాలొస్తున్నాయి, జనం బాగా చూస్తున్నారు. సాయంత్రంకల్లా ఒక స్టోరీ పంపు" అన్నాడు డెస్కులో కూర్చునే సబ్‌ఎడిటర్. నేను నల్గొండలో ఒక టీవీ చానెల్‌కు కంట్రిబ్యూటర్‌ను. అంటే కెమెరా నాది, బండి నాది, పెట్రోలు నాది, ఏదైనా తేడా వస్తే తిట్లు తినేదీ నేనే. "ఒకామె ఉండె. పోయిన వానాకాలం చనిపోయింది" అన్నాను. ఆయన, "అయ్యో... పాత విజువల్స్ ఉన్నాయా మరి?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఏడేళ్లుగా తప్పుడు జవాబు చెప్తూ వచ్చిన మనిషిని నేను. ఆ జవాబు ఎవరికి చెప్పానో, ఎందుకు చెప్పానో ఇప్పుడైనా చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మాకు మర్రిగూడ వైపు పని ఎక్కువ. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఆ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినవాళ్లు ఊరూరా ఉండేవాళ్లు. పెద్ద నాయకుడెవరైనా జిల్లాకు వస్తున్నాడంటే ముందురోజే డెస్క్ నుంచి హుకుం వచ్చేది, వంకర కాళ్ల షాట్లు నాలుగు పంపమని. ఐదారుగురు విలేకరులం బండ్లేసుకుని పోయేవాళ్లం. ఏ ఊళ్లో ఎవరి కాళ్లు కెమెరాకు బాగా కనబడతాయో మాకు కంఠతా వచ్చు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఉన్నమాట అది.

అట్లా పోయినప్పుడే ఒక ఊళ్లో బోరింగు దగ్గర, చేత్తో తిప్పే మూడుచక్రాల బండి మీద ఆమె కనబడింది. అప్పటికి పద్దెనిమిదేళ్లుంటాయేమో. నేను పలకరించనైనా లేదు. నేరుగా కెమెరా తీసి కాళ్ల మీద పెట్టాను.

"సారూ, నాది పోలియో. ఫ్లోరైడ్ గాదు" అంది. "ఫ్లోరైడాయన మా పక్కింట్ల ఉంటడు. చేనుకు పోయిండు. ఫోన్ జేసి పిలువమంటవా?"

మావాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే షాట్ తీశాను. సాయంత్రం వార్తల్లో ఆమె కాళ్ల కింద 'ఫ్లోరైడ్ బాధితురాలు' అని అక్షరాలు పడ్డాయి. మర్రిగూడ మండలంలో కాలు వంకరగా ఉంటే అది ఫ్లోరైడే. ఇంకో జబ్బుకు మా వార్తల్లో జాగా లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా ఆమె మొదట 'నాది పోలియో' అనే చెప్పేది. కోపంగా కాదు, తప్పు రాసిన ఇంటిపేరును దిద్దించినట్టు చెప్పేది. నేను ప్రతిసారీ తలూపేవాణ్ణి. ప్రతిసారీ అవే అక్షరాలు పడేవి.

ఆమె షాట్‌పుట్ ఆడుతుందని నాకు తెలిసింది మూడోసారో నాలుగోసారో. వాళ్లది గొర్లు కాచే కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో చెవులు సరిగా వినబడని అవ్వ, తను, నాయిన. నాయిన ఏడాదిలో సగం ఇంట్లో ఉండడు. కార్తీకం దాటి ఇక్కడ మేత అయిపోతే మందను తోలుకుని నాగార్జునసాగర్ ఆయకట్టు వైపు, హాలియా దాకా పోతాడు. అక్కడి రైతుల కోసిన మళ్లలో మంద పెడతాడు. ఒక ఏడు నందికొండ కింద కృష్ణ ఒడ్డున దొరికిన గుండ్రాయి ఒకటి గొంగడిలో చుట్టి తెచ్చి కూతురికిచ్చాడు. ఆమె దాన్ని కిరాణా కొట్టు కాంటా మీద పెట్టించింది. ఆటలో వాడే ఇనుప గుండు కంటే అది బరువుగా ఉంది. "మంచిదే" అందట. "బరువుది ఇసిరినంక అసలుది ఉత్తగనే పోతది."

ఊళ్లో వెల్డింగు చేసే ఆయనతో ఇనుప కుర్చీ ఒకటి చేయించుకుంది. ఎడమ పక్కన పట్టుకోవడానికి ఒక పైపు. ఇంటి వెనక కుర్చీకి నాలుగు వైపులా మేకులు కొట్టి, తాళ్లతో నడుము బిగించుకుని విసిరేది. చెయ్యి మట్టిలో రుద్దుకునేది, చున్నీతో మెడ తుడుచుకునేది, గుండును దవడ కింద ఆనించుకునేది. విసిరే ముందు ఒక కేక. దారి తప్పిన గొర్రెను మళ్లించడానికి వాళ్ల నాయిన వేసే కేక అది, అచ్చు అదే. నల్గొండ స్టేడియంలో మొదటిసారి ఆ కేక విని గీత దగ్గర కొలిచే పీఈటీ సారు ఉలిక్కిపడి వెనక్కి చూశాడట. ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేది.

టీవీ పిచ్చి చాలా ఉండేది ఆమెకు. అవ్వకు సీరియళ్లు కావాలి, ఈమెకు ఆటలు కావాలి. రిమోటు కోసం ఇంట్లో రోజూ పంచాయితీ. కబడ్డీ చూసేది, క్రికెట్ చూసేది, ఎవరో పరదేశం ఆడవాళ్లు బరువులెత్తుతుంటే చూసేది. తమలాంటివాళ్ల ఆటలు మాత్రం ఏ నంబరు నొక్కినా వచ్చేవి కావు. "అన్నా, నిన్న మ్యాచ్‌ల ఒకాయన బూటు లేసు గట్టుకునేది నాలుగుసార్లు సూపిచ్చిన్రు" అంది ఒకసారి. "మెల్లగ గూడ సూపిచ్చిన్రు. మేము ఇసిరేది ఒక్కపారి సూపిస్తె కరెంటేమన్న ఎక్కువ కాలుతదా?"

ఇంకోసారి అంది, "మీ వార్తల్ల మేము ఎట్ల ఏడ్సినమో చెప్తరు, ఎట్ల నవ్వినమో చెప్తరు. ఎంత దూరం ఇసిరినమో ఎవ్వలు చెప్పరేంది?" నేను ఏదో మాట దాటేశాను. నాకు మాత్రం ఏం తెలుసు, అప్పటిదాకా నేను ఆమె ఆడగా చూడలేదు.

చూడకపోవడానికి కారణం ఉంది. డిసెంబరులో నల్గొండలో వికలాంగుల ఆటలపోటీలు జరుగుతాయి. మేము కెమెరాలు పట్టుకుని పొద్దున్నే పోతాం. ముఖ్య అతిథి పదింటికి అంటే పన్నెండింటికి వస్తాడు. జ్యోతి వెలిగిస్తాడు, జెండా ఎగరేస్తాడు, నలుగురికి మూడుచక్రాల బండ్లు పంచుతాడు, మాట్లాడతాడు. ఆయన కారు గేటు దాటగానే మా బండ్లు కూడా దాటుతాయి. ఎండలో ఆకలితో కూర్చున్నవాళ్లు అప్పుడు ఆట మొదలుపెడతారు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, అందరం ఒప్పుకున్న పద్ధతి. ఒక ఏడు నేను బండి తీస్తుంటే ఆమె తన బండి అడ్డం తిప్పి ఆగింది.

"అతిథి పోంగనే మీరు పోతరు. మేము ఆడుడే గప్పుడు మొదలువెడ్తం. అన్నా, ఈ ఒక్కనాడు ఉండు."

ఎందుకు ఉన్నానో తెలియదు. ఆ పూట ఇంకో ప్రోగ్రాం లేదు, అంతే కావచ్చు. మూడున్నరకు ఆమె వంతు వచ్చింది. ఊరి నుంచి ఆటోలో తెచ్చుకున్న కుర్చీని నేలకు దిగగొట్టించి, తాళ్లు బిగించుకుంది. మొదటి రెండు విసుర్లు మామూలుగా పోయాయి. మూడోది నేను కెమెరాలో పట్టుకున్నాను. మట్టి చెయ్యి, మెడ తుడుపు, కేక. గుండు పోయింది పోయింది, కొలిచే సారు టేపు పట్టుకుని వెనక్కి నాలుగడుగులు వేశాడు. ఆమె జీవితంలో విసిరిన అన్నిటిలోకీ దూరం అదే. గ్రౌండులో నిజంగా చప్పట్లు కొట్టింది అక్కడ పోటీకొచ్చినవాళ్లే. ఆమె అటు చూడలేదు, నా వైపు తిరిగి, "వచ్చిందా?" అని అడిగింది. గుండు సంగతి కాదు, కెమెరాలో వచ్చిందా అని. "మస్తుగ వచ్చింది" అన్నాను.

ఊపుతో డెస్క్‌కు ఫోన్ చేశాను. "గుండు విసరడం ఎవరు చూస్తారన్నా, అందరూ ఒకేలా విసురుతారు. ఆమె ఇంటికి పో. కష్టపడి పాకుతున్న షాట్ కావాలి. అది ఉంటే ఇది కూడా కలిపి వేస్తాం" అన్నారు. మర్నాడు ఊరికి పోయాను. విషయం చెప్పాను.

"నేను బయట పాకక పదేండ్లాయె అన్నా" అంది. "బండి ఉన్నది, చంకల కట్టెలున్నయి. ఎందుకు పాకాలె?"

"ఒక్క షాట్ చెల్లె. గిది ఇస్తేనే గుండుది ఏస్తమంటున్నరు."

"పాకితేనే ఏస్తరా?"

"గట్లనే అంటున్నరు."

"నాయిన హాలియా దిక్కు మంద మీద ఉన్నడు. ఆటలప్పుడల్లా ఆయన ఈడ ఉండడు. నేను ఇసురంగ ఇప్పటిదాంక సూడలే" అంది. "ఆడ చాయ హోటల్ల టీవీ ఉంటదంట. ఫోన్ జేసి చెప్త. గుండు మాత్రం ఏపియ్యాలె అన్నా."

"ఏపిస్త" అన్నాను.

అవ్వను లోపలికి పొమ్మంది. కట్టెలు గోడకు ఆనించి, గడప మీద నుంచి కిందికి దిగి, మోకాళ్ల మీద, చేతుల మీద బోరింగు దాకా పాకింది. బిందె కూడా పక్కన పెట్టించాను, ఫ్లోరైడ్ నీళ్లకు గుర్తుగా. ఎండలో నీడ సరిగా పడలేదని, "ఇంకోపారి చెల్లె, జర మెల్లగ" అన్నాను. మళ్లీ పాకింది. తల ఎత్తలేదు. రెండోసారి కూడా నేను దానికి మంచి షాట్ అని పేరు పెట్టుకున్నాను. నా నోట్లో దుమ్ము కొట్ట.

మరునాడు సాయంత్రం వేశారు. పాకడం మూడుసార్లు చూపించారు, వెనక ఏడుపు సంగీతం. 'ఫ్లోరైడ్ కాటేసినా ఆటపై మమకారం' అని అక్షరాలు. గుండు లేదు. ఐదు నిమిషాల తర్వాత ఆమె ఫోన్ చేసింది. "అన్నా, పాకేదే ఏసిన్రు. గుండుది రేపు ఏస్తరా?" అంది. కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు, తెలిసిందే కదా.

చూసినవాళ్లకు మాత్రం జాలి పొంగింది. మూడోరోజున నల్గొండ వ్యాపారి ఒకాయన దుప్పట్లు, బియ్యం బస్తా కారులో వేసుకుని, ఇచ్చేది షూట్ చెయ్యమని నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఆమె బండి మీద కూర్చుని ఉంది. అరుగు మీద గొంగడి భుజాన వేసుకుని ఒక పెద్దమనిషి. వాళ్ల నాయిన. మందను జతగాళ్లకు అప్పగించి, బస్సులు మారి వచ్చేశాడు.

వ్యాపారి దుప్పటి చాపాడు. ఆమె తీసుకుంది, ఒళ్లో పెట్టుకుంది. "సారూ, దుప్పటి మంచిగున్నది. ఇనుప గుండు గిట్ల తెస్తిరా?" అని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను కెమెరాలోకి చూశాను.

వ్యాపారి పోయినాక వాళ్ల నాయిన నన్ను పిలిచాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"బిడ్డా, టీవీల నువ్వు దీసిందేనా గది? బిడ్డ ఫోన్ జేసి చెప్పింది, హోటల్ల గూసోని సూసిన. పది పదిహేనుమంది ఉన్నరు. మా బిడ్డ ఇసురుతది సూడున్రి అని చెప్దామని ముందుగాల్నే అనుకున్న. అది పాకుతాంది. బండి ఇరిగిందా, కట్టెలెవడన్న ఎత్తుకపోయిండా, ఏమైందో తెల్వకపాయె. పక్కపొంటి ఒకాయన అయ్యో పాపం, ఎవ్వల పిల్లనో అన్నడు. నా పిల్లనే అని నోటిదాంక వచ్చింది." ఆయన గొంగడి సర్దుకున్నాడు. "చెప్పలే బిడ్డా. చెప్పబుద్ధి గాలే. చాయ ఆడ్నే ఇడిసిపెట్టి వచ్చిన."

ఆమె వింటూనే ఉంది. నాయిన మాట అయిపోయేదాకా నేల చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "అన్నా, గుండు ఇసిరింది నీ తాన ఉన్నదా? నాయినకు ఫోన్‌ల సూపిద్దాం" అంది.

లేదు. ఆ పొద్దున్నే ఒక రోడ్డు శంకుస్థాపన ఉంటే, కెమెరా కార్డులో జాగా చాలక మొత్తం తుడిచేశాను. ప్రసారమైపోయిన వార్త కార్డు మీద ఉంచుకునే అలవాటు మాకు ఎవరికీ లేదు. వెయ్యని విజువల్స్ డెస్కులోనూ ఉంచరు. ఆ తండ్రి ముఖం ఎదురుగా ఉంది, ఈ పిల్ల చేతిలో ఫోన్ ఉంది. "ఉన్నది చెల్లె. హార్డ్‌డిస్క్‌ల ఏసిపెట్టిన. తెచ్చిస్త" అన్నాను. ఒక్క అబద్ధం. దాని వెనక వందాడితే గానీ అది నిలబడదని అప్పుడు తోచలేదు.

ఆ తర్వాత ఆమె ఎవరినీ తీయనివ్వలేదు. గ్రౌండులో ఎవరైనా ఫోన్ ఎత్తితే గుండు కింద పెట్టేసేది. "మంచిది ఒకటి ఉన్నది, అన్న తాన" అనేదట. మరుసటి ఏడు భుజం పట్టేసింది. బండి తిప్పీ తిప్పీ, ఆ బరువు రాయి విసిరీ విసిరీ నరం చెడిందన్నారు డాక్టర్లు. విసరడం ఆగిపోయింది. మొదట్లో పండక్కీ పబ్బానికీ ఫోన్ చేసి అడిగేది. డిస్క్ హైదరాబాద్‌లో ఉందన్నాను. రిపేరుకు ఇచ్చానన్నాను. ఊళ్లలోకి కృష్ణ నీళ్ల నల్లాలు వచ్చినాక ఫ్లోరైడ్ వార్తలు తగ్గాయి, మాకు అటు పోయే పని లేకుండా పోయింది. నాకు అదొక అదృష్టంలా అనిపించింది, అంత నీచంగా తయారయ్యాను. చివరి రెండేళ్లు ఆమె ఫోన్ చేసినా డిస్క్ ఊసెత్తలేదు. అన్నా, వదిన బాగున్నదా, పిల్లలు మంచిగ సదువుతున్నరా, అంతే.

పోయిన వానాకాలం పచ్చకామెర్లు వచ్చాయి. ఊళ్లో పసరు పోయించారు. నల్గొండ దవాఖానకు తెచ్చేసరికి ఆలస్యమైంది. నాకు దినాలు అయిపోయాక తెలిసింది. పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోతాను.

మొన్న ఆ ఫోన్ వచ్చినాక మాత్రం ఉండబట్టలేదు. ఆ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఒక చిన్న ముక్కైనా ఉందేమో అడుగుదామని బండి తీశాను. అవ్వ ఎప్పుడో పోయింది. వాళ్ల నాయిన ఒక్కడే ఇంటి వెనక దొడ్డి దగ్గర మంచంలో ఉన్నాడు. ఇప్పుడు ఆయకట్టు వైపు పోవడం లేదట, ఓ పది గొర్లు ఇంటి దగ్గరే ఉంచుకున్నాడు. నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నాడు. నేను అడగబోయింది ఆయనే అడిగాడు.

"బిడ్డా, మంచిగ వచ్చినవు. దవాఖానల పండుకొని గూడ చెప్పింది. అన్న తాన ఉన్నది నాయినా, నేను ఇసిరేది, అడిగి సూడు అన్నది. నాకు నీ ఇల్లు తెల్వదాయె. ఉన్నదా, సూపియ్యి."

నా ఫోన్‌లో ఉన్నది ఒకటే. మా చానెల్‌వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన పాత ముక్క. అదొద్దు అని మనసు మొత్తుకుంటోంది, చేతులు మాత్రం దాన్నే తీశాయి. ఎందుకు తీశానో ఇప్పటికీ తెలియదు. బిడ్డ ముఖమన్నా చూస్తాడని కావచ్చు. ఆయన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. సంగీతం వచ్చింది. గడప, మోకాళ్లు, బిందె.

"గిది సూసిందే గద బిడ్డా" అన్నాడు.

తీసుకుందామని చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు.

"జరాగు. ఎన్కల ఉంటదేమో."

ముక్క అయిపోయింది. ఆ వెంటనే ఏదో సబ్బు ప్రకటన మొదలైంది. ఆయన దాన్నీ చూస్తున్నాడు, కనురెప్ప వేయకుండా. ఇక నావల్ల కాలేదు.

"ఎన్కల ఏం లేదు కాకా" అన్నాను. "ఆమె ఇసిరింది నా తాన లేదు. మీరు మంద ఇడిసిపెట్టి వచ్చిన నాడే లేదు. నేనే తుడిచేసిన. ఉన్నదని అబద్ధం చెప్పిన."

ఆయన ఫోన్ నా చేతిలో పెట్టాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"బిడ్డకు తెల్సా?"

"తెల్వదు కాకా."

"మంచిగైంది" అన్నాడు. "ఉన్నదనుకొనే పోయింది."